రంగు ఒక్కటే చాలదు: రాత్రి సముద్రంలో బోయా దీపాలను చదవడం ఎలా

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటాం. అక్కడ పచ్చ అంటే పసుపు. పచ్చని చేను అంటాం. ఇక్కడ పచ్చ అంటే ఆకుపచ్చ. నేలమీద ఈ గజిబిజి వల్ల ఎవరికీ నష్టం లేదు. సముద్రం మీద, రాత్రిపూట, పడవ ముందుకొసన నిలబడ్డ మనిషి చుక్కాని పట్టుకున్న మనిషితో ‘అదిగో పచ్చ దీపం’ అని ఊరుకుంటే మాత్రం చిక్కే. ఆకుపచ్చ దీపం నౌకామార్గానికి అంచు. పసుపు దీపం దగ్గర నీటి అడుగున పైపులైను ఉండవచ్చు, పైన వాతావరణ పరికరం ఉండవచ్చు, మార్గంతో దానికి సంబంధమే లేకపోవచ్చు. అందుకని ఈ వ్యాసం పూర్తయ్యేదాకా ‘పచ్చ’ అనే మాటను పక్కన పెడదాం. ఆకుపచ్చ అందాం, లేదా పసుపు అందాం.

దీపం రంగు చూడగానే అర్థం చెప్పేసే అలవాటును కూడా దానితోపాటే పక్కన పెట్టాలి. బోయా అంటే దారినో, ప్రమాదాన్నో చూపడానికి నీటి మీద గొలుసుతో కట్టి తేలించే గుర్తు. దాని దీపాన్ని చదవడానికి నాలుగు ప్రశ్నలున్నాయి. ప్రపంచంలో ఏ భాగంలో ఉన్నాను, ఎటు వెళ్తున్నాను? దీపం రంగు ఏమిటి? ఎంతసేపట్లో ఎన్నిసార్లు మెరుస్తోంది? చార్టులో, అంటే సముద్రపు పటంలో, చూపిన చోటే ఉందా? చాలామంది రెండో ప్రశ్న దగ్గర ఆగిపోతారు. అన్నిటికన్నా తేలిక ప్రశ్న అదే కాబట్టి.

అసలు ఈ లిపి ఎక్కడిది?

1971 జనవరి 11న ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్యనున్న డోవర్ జలసంధిలో టెక్సాకో కరీబియన్ అనే ట్యాంకరును పరకాస్ అనే ఓడ ఢీకొంది. ట్యాంకరు పేలి మునిగింది. మర్నాడే బ్రాండెన్‌బర్గ్ అనే మరో ఓడ ఆ శిథిలానికి తగిలి మునిగింది. ఆ చోటి చుట్టూ దీపపు నౌకలు, బోయాలు పెట్టారు. అయినా ఫిబ్రవరి 27న నికి అనే ఓడ నేరుగా అక్కడికే వచ్చి మునిగింది. మూడు ప్రమాదాల్లో పోయినవారు 51 మంది. మూడోసారి దీపాలు లేక కాదు, దీపాలు ఉండగానే జరిగింది.

అప్పట్లో ప్రపంచం మొత్తంమీద ముప్పైకి పైగా బోయా పద్ధతులు వాడుకలో ఉండేవి. ఒక దేశంలో ‘ఇటు రండి’ అన్న రంగు మరో దేశంలో ‘ఇటు రావద్దు’ అనేది. ఆ ప్రమాదాల తర్వాత దీపస్తంభాల అధికార సంస్థల అంతర్జాతీయ సంఘం ఐఏఎల్ఏ ఒకే పద్ధతి కోసం గట్టిగా పూనుకుంది. 1980 నవంబరులో టోక్యో సమావేశంలో ఒప్పందం కుదిరింది. కుదిరింది కానీ, ఒక్క విషయంలో మాత్రం ప్రపంచం రెండుగా చీలే మిగిలింది.

మొదటి ప్రశ్న: ఏ ప్రాంతం, ఏ దిశ?

ఆ చీలిక ఎరుపు, ఆకుపచ్చల మీద. 1889లో వాషింగ్టన్‌లో జరిగిన సమావేశం రేవులోకి వచ్చే ఓడకు ఎరుపు కుడివైపు ఉండాలంది. 1936లో జెనీవాలో నానాజాతి సమితి తయారుచేసిన ముసాయిదా ఎడమవైపు ఉండాలంది. ఈలోగా రెండో ప్రపంచయుద్ధం వచ్చిపడింది. ఎవరి అలవాటు వారికి మిగిలిపోయింది.

నేటి లెక్క ఇది. ఉత్తర, దక్షిణ అమెరికాలు, జపాన్, దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్ ‘బి’ ప్రాంతం. మిగిలినదంతా, అంటే భారతదేశం, శ్రీలంక, సింగపూర్, గల్ఫ్ రేవులు, చైనా, ఐరోపా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా ‘ఎ’ ప్రాంతం. ‘ఎ’ ప్రాంతంలో సముద్రం నుంచి రేవులోకి వస్తున్నప్పుడు ఎర్ర బోయా ఎడమచేతి వైపు, ఆకుపచ్చ బోయా కుడిచేతి వైపు ఉండాలి. ‘బి’ ప్రాంతంలో సరిగ్గా తలకిందులు.

అమెరికా నావికులకు దీన్ని గుర్తుపెట్టుకోవడానికి ‘రెడ్, రైట్, రిటర్నింగ్’ అనే మూడు ‘ఆర్’ల మాట ఉంది. మన అదృష్టం కొద్దీ తెలుగు అక్షరాలు మన ప్రాంతానికి సరిపోయాయి. ఎర్ర, ఎడమ రెండూ ‘ఎ’తోనే మొదలవుతాయి, ప్రాంతం పేరూ ‘ఎ’యే. ఆకుపచ్చలో ‘కు’ ఉంది, కుడిలోనూ ‘కు’ ఉంది. విశాఖలో, కాకినాడలో, చెన్నైలో ఇది చాలు. హ్యూస్టన్‌కో మనీలాకో వెళ్లే ఓడ ఎక్కినప్పుడు ఈ సూత్రాన్ని ఇంట్లో వదిలి వెళ్లాలి.

‘రేవులోకి వస్తున్నప్పుడు’ అన్న షరతును మరిచిపోకండి. బయటికి వెళ్తుంటే ఎర్ర బోయా కుడివైపుకు వస్తుంది. బోయా మారలేదు, మీరు తిరిగారు. తీరం వెంబడి పోతున్నప్పుడు ‘లోపల’ ఏదో, ‘బయట’ ఏదో నీటిని చూస్తే తెలియదు. ఆ దిశను చార్టు మీద పెద్ద బాణం గుర్తుతో చూపిస్తారు. అనుమానం ఉంటే బాణం వెతకండి, ఊహించకండి.

చిన్న ఉపాయం ఒకటి. ప్రతి ఓడకూ ఎడమవైపు ఎర్ర దీపం, కుడివైపు ఆకుపచ్చ దీపం ఉంటాయి. ‘ఎ’ ప్రాంతంలో లోపలికి వచ్చే ఓడ తన ఎర్ర దీపాన్ని ఎర్ర బోయాకు, తన ఆకుపచ్చ దీపాన్ని ఆకుపచ్చ బోయాకు చూపిస్తూ సాగాలి. పరీక్ష గదిలో బుర్ర తిరిగినప్పుడు కూడా ఇది పనికొస్తుంది.

రెండో ప్రశ్న: రంగు

బోయా దీపాలకు ఉన్నవి అయిదే రంగులు. ఎరుపు, ఆకుపచ్చ మార్గపు అంచులు. తెలుపు ప్రమాదాన్నో, సురక్షిత జలాలనో చెబుతుంది. పసుపు ప్రత్యేక గుర్తు. నీలం కొత్తగా మునిగిన ఓడ దగ్గరే, అదీ పసుపుతో కలిసి కనిపిస్తుంది.

ప్రాంతాల తేడా ఎరుపు, ఆకుపచ్చలకే పరిమితం. తెలుపు, పసుపు, నీలం ప్రపంచమంతటా ఒకే అర్థం. ఈ ముక్క చాలామంది గమనించరు. ‘అమెరికాలో అన్నీ తలకిందులు’ అని చెప్పే పెద్దలు కూడా ఉన్నారు. అన్నీ కాదు, ఆ రెండే.

పగటిపూట రంగుతో పాటు ఆకారం తోడుంటుంది. ‘ఎ’ ప్రాంతంలో ఎర్ర బోయా డబ్బాలా, ఆకుపచ్చది శంకువులా ఉంటుంది. రాత్రి ఆకారం చీకట్లో కలిసిపోతుంది. అందుకే రంగులను వేరుచేయలేని కన్ను ఉన్నవారిని ఓడ నడిపే అధికారులుగా తీసుకోరు. చుక్కల మధ్య అంకె దాగి ఉండే ఇషిహారా పటాలతో ముందే పరీక్షిస్తారు.

కన్ను బాగున్నా గాలి మోసం చేస్తుంది. మంచు, దుమ్ము ఉన్న రాత్రి తెల్ల దీపం కాస్త పసుపుగా కనబడుతుంది. దూరపు పసుపు దీపం తెలుపులా అనిపిస్తుంది. నియమాలు రాసినవారికి ఈ సంగతి తెలుసు. తెల్ల దీపాలకు కేటాయించిన లయలను పసుపు దీపాలకు ఇవ్వకూడదన్నారు. రంగు విషయంలో పొరపడినా లెక్క కాపాడాలని.

మూడో ప్రశ్న: లెక్క

నా దృష్టిలో అసలు చదువు ఇదే. దీపం వెలిగి ఆరే తీరునే లయ అంటున్నాను. వెలుగు కొద్దిసేపు, చీకటి ఎక్కువసేపు ఉంటే మెరుపు దీపం. వెలుగు, చీకటి సమానంగా ఉంటే సమలయ. వెలుగే ఎక్కువసేపు ఉండి మధ్యమధ్య ఆరితే ఆరుదీపం అందాం. నిమిషానికి 50 లేదా 60 మెరుపులుంటే వేగపు దీపం, 100 లేదా 120 ఉంటే అతివేగపు దీపం. రెండు సెకన్లకు తగ్గకుండా వెలిగే మెరుపును దీర్ఘ మెరుపు అంటారు.

చార్టులో వీటిని పొట్టి అక్షరాలతో రాస్తారు. ఎఫ్ఎల్ అంటే మెరుపు, ఐసో అంటే సమలయ, ఓసీ అంటే ఆరుదీపం, క్యూ వేగం, వీక్యూ అతివేగం, ఎల్ఎఫ్ఎల్ దీర్ఘ మెరుపు. పక్కన ఆర్ ఉంటే ఎరుపు, జీ ఉంటే ఆకుపచ్చ, వై ఉంటే పసుపు. ఏ రంగూ రాయకపోతే తెలుపు. చివర అంకె పక్కన ఎస్ ఉంటే ఒక విడతకు పట్టే సెకన్లు.

విడతను కొలవడంలోనే కొత్తవారు తప్పు చేస్తారు. మెరుపు ఆగినప్పటి నుంచి మళ్లీ మెరిసేదాకా కొలుస్తారు. అలా కాదు. ఒక వరుసలో మొదటి మెరుపు మొదలైన క్షణం నుంచి తర్వాతి వరుసలో మొదటి మెరుపు మొదలయ్యేదాకా కొలవాలి. ఒక్కసారి కాదు, మూడుసార్లు. అల మీద బోయా ఊగుతుంది, మధ్యలో కెరటం అడ్డొస్తే ఒక మెరుపు మింగేస్తుంది. మూడుసార్లూ ఒకే లెక్క వస్తేనే నమ్మండి.

ఇక దిక్కుల బోయాలు. వీటిని కార్డినల్ గుర్తులంటారు. అన్నీ తెల్ల దీపాలే, అన్నీ వేగంగా మెరిసేవే. తేడా అంతా అంకెలో. గడియారం ముఖాన్ని తలుచుకోండి. తూర్పున 3 ఉంటుంది, తూర్పు బోయా మూడు మెరుపులు. కింద 6, దక్షిణపు బోయా ఆరు మెరుపులు, ఆ వెంటనే ఒక దీర్ఘ మెరుపు. పడమర 9, తొమ్మిది మెరుపులు. ఉత్తరం 12 దగ్గర, అక్కడ లెక్క లేదు, ఆగకుండా మెరుస్తూనే ఉంటుంది. వేగపు దీపమైతే తూర్పుది 10 సెకన్ల విడత, దక్షిణానిది, పడమటిది 15 సెకన్లు. అతివేగమైతే తూర్పుది 5, మిగిలిన రెండూ 10.

దక్షిణానికి ఆ దీర్ఘ మెరుపు ఎందుకు? ఊగే పడవలో ఆరా, తొమ్మిదా అని లెక్కపెట్టడం ఎంత కష్టమో ప్రయత్నిస్తే తెలుస్తుంది. చివర పొడుగ్గా ఒకటి వెలిగితే అది దక్షిణమే, ఇక లెక్క తప్పినా ఫరవాలేదు.

పగలు వీటి మీద రెండు నల్ల శంకువులు తలగుర్తుగా ఉంటాయి. ఉత్తరానికి రెండూ పైకి, దక్షిణానికి రెండూ కిందికి. ఇవి ఎవరికైనా గుర్తుంటాయి. గందరగోళమంతా మిగిలిన రెండింటితోనే. తూర్పు గుర్తులో శంకువుల అడుగులు ఎదురెదురుగా ఉంటాయి, అంటే మధ్యలో ఉబ్బి కొసలు సన్నబడ్డ మృదంగంలా. పడమటి గుర్తులో మొనలు ఎదురెదురుగా ఉంటాయి, అంటే నడుము సన్నబడ్డ డమరుకంలా. తూర్పు మృదంగం, పడమర డమరుకం. బోయా ఒంటి మీది నలుపు, పసుపు పట్టీలు కూడా ఈ మొనల్నే అనుసరిస్తాయి, మొన చూపినచోట నలుపు. ఉత్తరానికి నలుపు పైన, దక్షిణానికి కింద, తూర్పుకు పైనా కిందా, పడమరకు నడుమ.

ఇప్పుడు ప్రాణం మీదికి తెచ్చే అపార్థం. ఉత్తర బోయా అంటే ‘ఉత్తరాన ప్రమాదం ఉంది’ అని కాదు. ‘ఉత్తరాన నీళ్లు బాగున్నాయి, నాకు ఉత్తరం నుంచి వెళ్లు’ అని. ప్రమాదం ఉన్నది బోయాకు దక్షిణాన. దిక్సూచి చూడకుండా కార్డినల్ బోయా దగ్గర ఎటూ తిరగకండి. ఎర్ర బోయా మీ చేతుల లెక్కలో మాట్లాడుతుంది, ఇది దిక్కుల లెక్కలో మాట్లాడుతుంది.

తెలుపులోనే మరో రెండున్నాయి. రెండు మెరుపులు, విరామం, మళ్లీ రెండు మెరుపులు కనిపిస్తే అది ఒంటరి ప్రమాదం. చుట్టూ లోతే, బోయా కింద మాత్రం రాయో శిథిలమో ఉంది. పగలు నలుపు మీద ఎర్ర పట్టీలు, పైన రెండు నల్ల గోళాలు. రెండు గోళాలు, రెండు మెరుపులు. ఎటునుంచైనా వెళ్లండి, దూరంగా వెళ్లండి. దీనికి పూర్తిగా విరుద్ధం సురక్షిత జలాల గుర్తు. నిలువు ఎరుపు, తెలుపు చారలు, పైన ఒక ఎర్ర గోళం. దీపం సమలయ, లేదా ఆరుదీపం, లేదా 10 సెకన్లకు ఒక దీర్ఘ మెరుపు, లేదా చుక్కలు, గీతల మోర్స్ లిపిలో ‘ఏ’ అక్షరం, అంటే ఒక పొట్టి, ఒక పొడుగు. బోయాల్లో నెమ్మదైన మనిషి ఇది. రేవు మార్గం మొదట్లో దీన్ని చూస్తే చుట్టూ నీళ్లు లోతుగా ఉన్నాయని అర్థం.

ఎరుపు, ఆకుపచ్చల లయ మాత్రం దాదాపు ఏదైనా కావచ్చు. ఒక్క ‘రెండు, కాస్త ఆగి ఒకటి’ మినహా. ఆ లయ కనబడితే మార్గం అక్కడ చీలుతోందని. ‘ఎ’ ప్రాంతంలో లోపలికి వస్తుంటే ఎర్ర దీపం అలా మెరిస్తే దాన్ని మామూలు ఎర్ర బోయాగా భావించి ఎడమన వదలండి, ప్రధాన మార్గం దొరుకుతుంది. ఆకుపచ్చది అలా మెరిస్తే కుడిన వదలాలి. పక్క మార్గంలోకి పోయేవారికి లెక్క వేరు.

పసుపు గురించి మన తీరంవాళ్లు కొంచెం ఎక్కువ తెలుసుకోవాలి. బంగాళాఖాతంలో గాలి, అలలు, ఉష్ణోగ్రతలు కొలిచే బోయాలను చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నిలుపుతుంది. వాటి సమాచారం హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాడుకుని మత్స్యకారులకు హెచ్చరికలు పంపుతుంది. ఇలాంటి బోయాల గుర్తు అయిదు పసుపు మెరుపులు, 20 సెకన్ల విడత. వాటి నీడలో చేపలు చేరతాయి, చేపల కోసం పడవలు చేరతాయి, పడవ కట్టేందుకు తాడు వేస్తారు, పరికరం పాడవుతుంది. తుపాను కబురు చెప్పే పెట్టెకే తాడు వేయడం కూర్చున్న కొమ్మ నరుక్కోవడమే.

కోనసీమకు ఎదురుగా రవ్వ క్షేత్రంలోలా చమురు, గ్యాసు వేదికలున్న చోట తెల్ల దీపం రెండు పొట్టి, ఒక పొడుగుగా మెరవడం చూడవచ్చు. అది బోయా కాదు. మోర్స్‌లో ‘యూ’, 15 సెకన్లకు ఒకసారి. సముద్రంలో కట్టిన నిర్మాణానికి అది గుర్తు. దూరం పాటించండి.

నాలుగో ప్రశ్న: ఉండవలసిన చోటే ఉందా?

బోయా నేలలో పాతిన స్తంభం కాదు. అడుగున బరువు, దానికి గొలుసు, గొలుసు కొసన బోయా. గాలికి, పోటుకు ఆ గొలుసు మేర తిరుగుతూ ఉంటుంది. తుపాను తర్వాత బరువుతో సహా జరగవచ్చు, దీపం ఆరిపోవచ్చు, బోయాయే కొట్టుకుపోవచ్చు. అందువల్ల బోయాను ఆధారంగా తీసుకుని మీ స్థానం నిర్ణయించుకోకండి. మీ స్థానం జీపీఎస్‌తోనో, దీపస్తంభంతోనో తెలుసుకుని, బోయా తన చోట ఉందో లేదో చూడండి.

గోదావరి మొగల దగ్గర ఇది మరీ నిజం. నది మట్టి తెచ్చి పోస్తూనే ఉంటుంది, ఇసుకదిబ్బలు చోటు మారుతూ ఉంటాయి. 1867 జూన్ 19న సాక్రమెంటో అనే అమెరికా యుద్ధనౌక అక్కడే మెరక తగిలి నాశనమైంది. ఆ మెరకకు, దగ్గరి దీపస్తంభానికి ఇప్పటికీ ఆ ఓడ పేరే. పాత చార్టును నమ్మి అక్కడికి పోవద్దు. మన సముద్రాలకు సంబంధించిన హెచ్చరికలను డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం ప్రకటిస్తుంది. ఆరిపోయిన దీపాలు, జరిగిన బోయాల సంగతి వాటిలో ఉంటుంది. బయలుదేరే ముందు పది నిమిషాలు వాటికివ్వండి.

ఎలక్ట్రానిక్ చార్టు తెరమీద కనిపించే బోయా నీటి మీద కనిపించకపోతే కంగారు పడకండి. ఓడల తెరలకు రేడియోలో అందే ఏఐఎస్ సంకేతంతో మాత్రమే ఉండే బోయాలు కూడా ఉన్నాయి. వాటికి ఒళ్లు లేదు, దీపం లేదు.

నీలం కనిపిస్తే

2002 డిసెంబరు 14న ఇంగ్లిష్ ఛానల్ పొగమంచులో ట్రైకలర్ అనే ఓడ దాదాపు 2,900 కార్లతో సహా మునిగింది. రెండు రోజులకు నికోలా, 2003 జనవరి 1న విక్కీ అనే ఓడలు వచ్చి ఆ శిథిలాన్నే ఢీకొన్నాయి. 1971 నాటి కథే మళ్లీ. ఈసారి మాత్రం మరి దేనితోనూ పొరపడే వీలులేని గుర్తు కావాలనుకున్నారు. నీలం, పసుపు నిలువు చారల బోయా అలా వచ్చింది. దీపం ఒక సెకను నీలం, అర సెకను చీకటి, ఒక సెకను పసుపు, మళ్లీ అర సెకను చీకటి. చార్టులో ఇంకా ఎక్కని కొత్త శిథిలం అక్కడ ఉందని దాని అర్థం. చార్టులో లేదు కదా అని దీన్ని తోసిపుచ్చకూడదు. చార్టులో లేనిదాన్ని చూపడమే దీని పని.

కన్ను సిద్ధం చేసుకోవడం

వెలుతురులోంచి బయటికి వచ్చిన కంటికి చీకటి అలవాటు కావడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి ఫోను తెర చూస్తే ఆ శ్రమంతా పోతుంది. ఎర్ర టార్చి మంచిదంటారు, నిజమే, కానీ ఆ వెలుగులో కాగితపు చార్టు మీది ఎర్రని, ఊదారంగు గీతలు మాయమవుతాయి. దీపపు గుర్తులు చాలావరకు ఆ రంగులోనే ఉంటాయి. కాబట్టి లయలను ముందే ఒక కాగితం మీద నల్లసిరాతో రాసుకోండి.

ఒడ్డు దగ్గరపడేకొద్దీ హోటళ్లు, సిగ్నళ్లు, కార్ల బ్రేకు దీపాలు బోయాల వెనుక వరుస కడతాయి. వాటిలోంచి బోయాను విడదీసేది లయ ఒక్కటే. మెరవకుండా నిలకడగా వెలిగే ఎర్ర దీపం ఎదురొస్తున్న ఓడ ఎడమ పక్క కావచ్చు. ఓడల పక్కదీపాలు మెరవవు.

దూరానికి కూడా ఒక లెక్క ఉంది. కంటి ఎత్తు, దీపం ఎత్తు మీటర్లలో తీసుకుని, వాటి వర్గమూలాలు కూడి, 2.08తో హెచ్చిస్తే నాటికల్ మైళ్లు వస్తాయి. పడవలో మీ కన్ను 2 మీటర్ల ఎత్తున, బోయా దీపం 4 మీటర్ల ఎత్తున ఉంటే సుమారు 7 మైళ్లు. దీపానికి అంత బలం ఉంటేనే. భూమి వంపు ఇచ్చే హద్దు ఇది, దీపం ఇచ్చే హామీ కాదు.

ఒక రాత్రి సాధన

పేరులేని ఒక ‘ఎ’ ప్రాంతపు రేవును ఊహించుకోండి. సరంగు చుక్కాని దగ్గర, మీరు ముందు.

మొదట తెల్లని మెరుపు, చాలాసేపు వెలిగింది. వాచీలో 10 సెకన్లకు మళ్లీ వెలిగింది. సురక్షిత జలాలు, మార్గం మొదలు. ‘తెలుపు, దీర్ఘం, పది’ అని చెప్పండి. రంగు, లయ, వ్యవధి ఎప్పుడూ అదే వరుసలో చెప్పాలి, అవతలివాడు రాసుకునేలా.

ఎడమన ఎరుపు, కుడిన ఆకుపచ్చ మొదలయ్యాయి. మధ్యలో సాగండి. కొంతదూరం పోయాక ఎదురుగా ఎరుపు రెండుసార్లు మెరిసి, ఆగి, ఒకసారి మెరిసింది. చీలిక. ప్రధాన మార్గం కోసం దాన్ని ఎడమన వదిలారు. ఆ తర్వాత కుడిపక్క ఆకుపచ్చల వరుసకు అవతల తెల్లగా ఏదో వేగంగా మెరిసింది. లెక్కపెట్టండి. ఆరా, ఏడా? కెరటం అడ్డొచ్చింది. మళ్లీ లెక్కపెడితే ఈసారి చివర పొడుగు మెరుపు కనిపించింది. దక్షిణ బోయా, దానికి దక్షిణాన ఉండాలి. దిక్సూచి చూస్తే మీరు పడమరకు పోతున్నారు, కుడిచేయి వైపు ఉత్తరం. బోయా ఉత్తరాన ఉంది, మీరు దక్షిణాన ఉన్నారు. సరిపోయింది.

ఇంకా లోపల, ఎడమవైపు దూరంగా పసుపు మెరుపు. ‘పచ్చ’ అనబోయి ఆగారు. సరంగు వెనక్కి చూడకుండానే అడిగాడు, ఏ రంగు అని.

‘పసుపు’ అన్నారు. చుక్కాని కదలలేదు.